ముందే తీర్చిన మొక్కు

ఆ శనివారం ఉదయం ముత్యాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. మోటార్ సైకిల్ తీయాలి. తెలుక్ ఇంతాన్ దాకా వెళ్ళి, కెప్టెన్ రోస్లాన్ గారి గేటు ముందు నిలబడి, అయ్యగారిని పిలిచే మలయ్ మాటతో "తువాన్, ఆ సంతకం సంగతి..." అని మర్యాదగా గొంతు సవరించుకోవాలి. అంతే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు.

ముత్యాలు మలయ్ దేశంలోని బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో పుట్టి, ఆ తోటల్లోనే మేస్త్రీగా తల నెరిసిన మనిషి. వారంలో అయిదు రోజులు కొబ్బరికాయలు లెక్కపెట్టించి, శని ఆదివారాలు మాత్రం సైనికుడయ్యేవాడు. రిజర్వు సైన్యం అంటే అదే. ఏడాదికోసారి అడవిలో క్యాంపు, వరదలొస్తే గట్ల దగ్గర కాపలా, జాతీయ దినం నాడు కవాతు. అలా వయసంతా గడిపి, చివరికి కార్పొరల్‌గా రిటైరయ్యాడు. చేతి మీద రెండు పట్టీలు, నెలనెలా ఓ చిన్న పింఛను.

అయితే చివరి రెండేళ్ళూ ఆయన చేసింది కార్పొరల్ పని కాదు. దళంలో సార్జంటుగా ఉన్న హమీద్‌కు గుండె జబ్బు చేస్తే, ఆయన తన ఈల తీసి ముత్యాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి కుర్రవాళ్ళను నిద్ర లేపడం, బూట్లు చూడడం, తిట్టడం, తిట్టినవాడికి జ్వరమొస్తే గంజి కాచి పోయడం అన్నీ ముత్యాలే. పని సార్జంటుది, పట్టీలు కార్పొరల్‌వి. కాగితం మీద మార్పు చేయడం అందరూ మరిచిపోయారు. అలాంటివాళ్ళు ఇప్పుడు అర్జీ పెట్టుకుంటే పదవీ, దానికి తగ్గ పింఛనూ ఇస్తున్నారని కూతురు భారతి కనుక్కొచ్చింది. తనే అర్జీ రాసి పంపింది కూడా. ఒక్కటే లోటు. ఆనాటి అధికారి "అవును, ఇతను సార్జంటు పని చేశాడు" అని సంతకం పెట్టాలి. ఆ అధికారే కెప్టెన్ రోస్లాన్. కాగితం ఆయన దగ్గరికి వెళ్ళి చాలా రోజులైంది. ఆయన పెట్టనూ లేదు, పెట్టననీ అనలేదు.

చేసిన పనికి పేరు అడగడం ఆశ అవుతుందా, న్యాయమవుతుందా అని ముత్యాలు రాముడి పటం ముందు నిలబడి చాలాసార్లు అడిగాడు. రాముడు ఏమీ అనలేదు. పద్నాలుగేళ్ళు అడవిలో ఉండి వచ్చినవాడు పదవుల గురించి తొందరపడి మాట్లాడడు.

కాఫీ కోసం వంటింట్లోకి వెళ్ళేసరికి ఇంగువ పోపు ఘాటు ముక్కుకు తగిలింది. భార్య నరసమ్మ పెళ్ళిళ్ళకు తీసే పెద్ద పాత్రలో పులిహోర కలుపుతోంది. పక్కన బకెట్టులో బెల్లం నానుతోంది.

"ఏటిది నరసా? ఎవలైనా వస్తన్నారేటి?"

"మొక్కు."

"ఏం మొక్కు?"

"నీ సార్జంటు మొక్కు. నీకా పదవొస్తే పెరటాసి ఆఖరి శనివారం గుడిలో అందరికీ పులిహోర, పానకం పెడతానని మొక్కినాను కాదేటి? ఆఖరి శనివారం ఇయ్యాలే."

పెరటాసి తమిళుల నెల. కానీ ఆ శనివారాలు ఈ దేశపు తెలుగువాళ్ళకూ పండగలే. తోట లయాలలో, ఆ కూలీల వరస ఇళ్ళలో, గోడకు గోడ ఆనించుకుని బతికినవాళ్ళకు దేవుళ్ళూ నెలలూ వేరుగా ఎలా ఉంటాయి?

"ఓసే, పదవి రాలేదు కదే!" అన్నాడు ముత్యాలు.

"వస్తాది. ఆఫీసోళ్ళు ఆలీసం సేస్తే రాముడికి బాకీ పెట్టమంటావా? ఇయ్యాల దాటిపోతే మళ్ళీ వచ్చే ఏడే పెరటాసి. అప్పటికి నా మోకాళ్ళు ఎలగుంటాయో. మన మాట మనం నిలబెట్టుకుంటే ఆయన మాట ఆయన నిలబెట్టుకోడేటి?"

ముత్యాలుకు ఈ వాదనలో ఎక్కడో తిరకాసు ఉందనిపించింది. ఎక్కడో దొరకలేదు. పెళ్ళయిన నాటి నుంచి నరసమ్మ వాదనలన్నీ ఇంతే. కాఫీ తాగి, పాత్రను మోటార్ సైకిల్ వెనక తాళ్ళతో కట్టి, బకెట్టు పట్టుకున్న భార్యను ఆ బండి మీదే ఎలాగో సర్ది, గుడి దగ్గర దింపి అటునుంచి అటే తెలుక్ ఇంతాన్ పోదామనుకున్నాడు.

గుడిలో శాంతాదేవి ఎదురొచ్చింది. ఆవిడ కన్ను పడని గిన్నె ఆ గుడిలోకి రాదు.

"ఇంత పులిహోర! ఏటి నరసమ్మొదినా ఇశేషం?"

"మొక్కు తీర్సుకుంటన్నాం."

"ఏటి మొక్కు?"

"ఆయన సార్జంటు మొక్కు."

నరసమ్మ అబద్ధమాడలేదు. శాంతాదేవి తప్పుగా వినలేదు. కానీ తాతల కాలం నుంచి ఆ రామమందిరంలో మొక్కు తీర్చడమంటే కోరిక తీరిందనే అర్థం. బిడ్డ పుట్టాకే ఊయల కడతారు, ఉద్యోగం వచ్చాకే కొబ్బరికాయ కొడతారు. పంట చేతికి రాకముందే శిస్తు కట్టే మనిషి ఉంటుందని ఎవరు ఊహిస్తారు?

ముత్యాలు వెనక కుళాయి దగ్గర పానకం వడకడుతున్నాడు. మైకులో తన పేరు వినిపించింది. మాట్లాడుతున్నది గుడి కమిటీ అధ్యక్షుడు శ్రీకుమార్. లారీల వ్యాపారం చేస్తాడు, ఇక్కడివాళ్ళందరిలా మాట చివర 'లా' తగిలిస్తాడు, చేతికి మైకు దొరికితే మాత్రం బ్రేకు లేని లారీయే.

"మన ముత్యాలు మావయ్య సార్జంటు అయినారు! మన తెలుగోళ్ళందరికీ గర్వం లా! రండి మావయ్యా, ముందుకి రండి!"

ముత్యాలు గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. "అది కాదు శ్రీకుమారూ, ఇంకా..." అనేలోపు మెడలో దండ పడింది. ఎవరో ఫోన్‌తో ఫొటో తీశారు. "ఒరే, సెప్పనియ్యండ్రా..." అనేలోపు హారతి గంట మొదలైంది. హారతి వేళ నోరు విప్పకూడదన్నది ఆయన తల్లి నేర్పిన మొదటి నియమం. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, "రామా, వీళ్ళకి నువ్వయినా చెప్పు" అనుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి అందరి చేతుల్లో పులిహోర ఉంది. తృప్తిగా తింటూ, "బాగుంది సార్జంటు మావా" అంటున్నారు. నోట్లో ముద్ద పెట్టుకున్న మనిషి ముందు నిలబడి, మీరు తింటున్నది రాని పదవి తాలూకు పులిహోర అని చెప్పడం ఎలాగో ఆయనకు తెలియలేదు. తెలుక్ ఇంతాన్ ప్రయాణం వాయిదా వేసి, రేపు చెబుదామనుకున్నాడు.

ఆ రేపు రాకముందే ఫొటో ఊరు దాటింది. సాయంత్రం భారతి ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆవిడ పక్క బడిలో టీచరు, రెండు వీధుల అవతల కాపురం.

"నానా, ఇదేటిది? నీ మెడలో దండ, సేతిలో గరిటె, కింద 'సార్జంట్ ముత్యాలుకి శుభాకాంక్షలు'. మీ పాత దళం గ్రూపులో యోగేశ్వరన్ మామ పెట్టినాడు. తైపింగ్ నించి ఒకాయన, ఈపో నించి ఇంకో ఆయన, అందరూ పొగుడుతున్నారు. ఎప్పుడొచ్చింది?"

"రాలేదు."

భారతి తండ్రి మొహం చూసింది. తల్లి మొహం చూసింది. అంతా అర్థమైపోయింది.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అంది.

"సోమలింగమేటి, సార్జంటే వస్తాడు సూడు," అంది నరసమ్మ, చలించకుండా.

చలించడం మర్నాడు మొదలైంది. పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్ళు గేటు దగ్గర. ఒకామె కొడుక్కి లారీ లైసెన్సు రావడం లేదు. ఇంకొకామె కోడలికి బదిలీ కావడం లేదు. "ఏ మాట అని మొక్కినావు పిన్నీ? పులిహోరేనా, చక్రపొంగలి కూడా అన్నావా? మిరియాలు ఎన్నేసినావు?" అని అడిగి, నరసమ్మ చెప్పింది చెప్పినట్టు మనసులో రాసుకుని, తిన్నగా గుడికి వెళ్ళి అదే మొక్కు మొక్కేశారు. మంగళవారానికల్లా ఊళ్ళో సగం కోరికలు నరసమ్మ పులిహోర మీద నిలబడ్డాయి. శాంతాదేవి అయితే తన మోకాలి ఆపరేషన్ కూడా దాని మీదే పెట్టింది.

ఆ సాయంత్రం నరసమ్మ దీపం పెట్టి, పటం ముందు చాలాసేపు కూర్చుని, చిన్న గొంతుతో భర్తను పిలిచింది.

"ఇదిగో. నీకా పదవి రాకపోతే ఏటవుతాది?"

"ఏటవుతాది? కార్పొరల్‌గా పోతాను."

"నువ్వు పోతే పోనావు. రాముడి మాట పోతాది. ముత్యాలుకి ఇచ్చినాడని అందరూ నమ్ముకున్నారు. ఇవ్వలేదని తెలిస్తే ఆయన్నేమంటారు? నా సేతులారా ఆయన పరువు తీసినాను."

ముత్యాలుకు ఇంతవరకు కావలసింది ఒక పదవి. ఇప్పుడు దేవుడి పరువు కూడా నెత్తిన పడింది. పట్టీలు రెండే, బరువు మాత్రం జనరల్‌ది.

మర్నాడు యోగేశ్వరన్ మంగలి షాపుకు వెళ్ళాడు. యోగేశ్వరన్ తమిళుడు, ఆయన దళంలోనే చిన్న సిపాయి, ప్రాణ స్నేహితుడు. తెలుగు ముత్యాలు దగ్గరే నేర్చుకున్నాడు, అందుకని అందులో సగం కవాతు తిట్లే. షాపు గోడకు అద్దం పక్కన పాత ఫొటో ఒకటి ఉంది. క్యాంపులో తీసింది. అడవి ముందు బురద బూట్లతో దళమంతా, మలయ్, చీనా, తమిళ, తెలుగు ముఖాలు. ఒకే పెనం మీద ఎండు చేపలు కాల్చుకుని తిన్న ముఖాలు. సార్జంటు హమీద్ మధ్యలో నవ్వుతున్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వెనక వరసలో సగం మంది ఇప్పుడు ఫొటోలోనే ఉన్నారు.

"ఎన్న మచ్చాన్!" అని, తమిళంలో ఏం బావా అంటూ, యోగేశ్వరన్ కత్తెర పక్కన పడేసి కౌగిలించుకున్నాడు. "సార్జంటయినావు, నాకు సెప్పలేదు! ఊరంతా పులిహోర తిన్నాక నాకు తెలుస్తాదా?"

"రాలేదు యోగా."

"ఏది?"

"పదవి. నరస ముందే మొక్కు తీర్సేసింది."

యోగేశ్వరన్ కుర్చీలో కూలబడ్డాడు. అది గడ్డం గీయించుకునే కుర్చీ కావడంతో వెనక్కి వాలిపోయింది. పైకప్పు చూస్తూనే మాట్లాడాడు.

"బ్యానర్ కొట్టించేసినాను మచ్చాన్."

"ఏం బ్యానర్?"

"ఆదివారం నీకు సన్మానం. మీ గుడి పందిట్లోనే. శ్రీకుమార్ ఒప్పుకున్నాడు. పాత దళం అంతా వస్తన్నారు. నీ పాత ఫొటో ఇచ్చినాను. ఆ బ్యానర్ కుర్రోడు మూడో పట్టీ కంప్యూటర్‌లో అతికించినాడు, అది కాస్త మోసేతి దాకా పోయింది. అయినా బాగుంది లా."

"ఆపేయ్."

"ఎలా ఆపుతాను? గ్రూపులో నేను అబద్ధాలకోరునైపోతాను. ఆదివారానికి ఉత్తరం వచ్చేస్తే ఏ గొడవా లేదు కద?"

"కెప్టెన్ సంతకమే కాలేదు, ఉత్తరం ఎక్కడి నించి వస్తాది?"

యోగేశ్వరన్ కుర్చీని నిటారుగా తెచ్చుకున్నాడు. ముఖంలో రంగు మారింది.

"సంతకం కాలేదా? అందుకా..."

"ఏటి అందుకా?"

"కెప్టెన్‌ని కూడా పిలిచినాను. నిన్న. ఆయన ఒక్క మాటే అన్నాడు. 'నేను సంతకం పెట్టలేదే. వస్తాను. ఎవడు పెట్టాడో చూడాలి.' నేను జోకనుకున్నాను మచ్చాన్."

ముత్యాలుకు కెప్టెన్ రోస్లాన్ గురించి బాగా తెలుసు. ఆయన జోకు వేసినట్టు దళం చరిత్రలో లేదు. ఒకసారి క్యాంపులో ఎవడో ఆయన సంతకం అనుకరించి సెలవు చీటీ రాసుకుంటే, ఆ కుర్రవాణ్ణి పంపించేసేదాకా నిద్రపోని మనిషి. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. మొన్నటిదాకా పదవి రాని మనిషి, ఇప్పుడు దొంగ సంతకంతో పదవి తెచ్చుకున్న మనిషి.

వెంటనే ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ తీయలేదు. సాయంత్రం మోటార్ సైకిల్ మీద కెప్టెన్ ఇంటికే వెళ్ళాడు. గేటుకు తాళం. పక్కింటి చీనా ముసలాయన, పెద్దాయన కూతురి దగ్గరికి వెళ్ళాడనీ, ఆదివారం ఏదో ఫంక్షన్‌కు తిన్నగా అటునుంచే వెళతాడనీ చెప్పాడు. "ఎవరో సైనికుడికి సన్మానమట, ఫైలు కూడా పట్టుకెళ్ళాడు" అని కూడా చెప్పాడు.

ఆదివారం వచ్చింది. గుడి పందిట్లో బ్యానర్ గాలికి ఊగుతోంది. అందులో ముత్యాలు మూడో పట్టీ మోచేతి నుంచి కిందికి జారుతున్నట్టే ఉంది. జనం నిండిపోయారు. మొక్కులు మొక్కుకున్న ఆడవాళ్ళంతా ముందు వరసలో, తమ కోరికలకు హామీ చూసుకోవడానికి వచ్చినట్టు కూర్చున్నారు. పాత దళం బిగుతు బెల్టులతో వచ్చింది. ఒకాయనకు మోకాలి పట్టీ, ఇంకొకాయనకు వినికిడి యంత్రం, అందరికీ పొట్టలు. ముత్యాలు భుజాలు తట్టి, "సార్జన్! సార్జన్!" అంటున్నారు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో అంత గుచ్చుకుంది.

కెప్టెన్ రోస్లాన్ వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, వెన్ను మాత్రం అలాగే ఉంది. చంకలో ఫైలు. ఎవరితోనూ నవ్వకుండా ముందు కుర్చీలో కూర్చున్నాడు. శాంతాదేవి లడ్డూల పళ్ళెం ఇస్తే ఒళ్ళో పెట్టుకున్నాడు, తినలేదు.

"ఎళ్ళి సెప్పీ," అంది నరసమ్మ భర్త చెవిలో. "రాముడి పరువు సంగతి రాముడు సూసుకుంటాడు. నువ్వు అబద్ధం మీద దండ ఏయించుకోకు."

శ్రీకుమార్ ఇంకా లారీ తోలుతూనే ఉన్నాడు. ముత్యాలు వెళ్ళి ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"అందరికీ దణ్ణం. నేను సార్జంటు కాదు. కార్పొరల్‌నే. పదవి రాలేదు. మా ఇంటిది మొక్కు ముందే తీర్సేసింది, తప్పు మాదే. మీరు తిన్న పులిహోరకి నేను అర్హుణ్ణి కాదు." అదే మాట మలయ్‌లో కూడా చెప్పి, తలొంచుకు నిలబడ్డాడు.

పందిరంతా చప్పట్లు మోగిపోయాయి.

"ఎంత వినయం! ఎంత వినయం!" అన్నాడు శ్రీకుమార్, కళ్ళు తుడుచుకుంటూ. "పదవి వచ్చినా కార్పొరల్‌నే అంటున్నారు! పెద్దోళ్ళు ఇలగే ఉంటారు. నేర్చుకోండి పిల్లలూ!"

"నిజంగానే రాలేదురా బాబూ!" అన్నాడు ముత్యాలు. చప్పట్లు ఇంకా పెరిగాయి. మనిషి నిజం చెబితే నమ్మేవాళ్ళు ఉండాలి గానీ, పులిహోర తిన్న తర్వాత ఎవరు నమ్ముతారు?

నమ్మినవాడు ఒక్కడే. కెప్టెన్ లేచి దగ్గరికి వచ్చాడు. మైకుకు దూరంగా, ఇద్దరికే వినపడేటట్టు, మలయ్‌లో అడిగాడు.

"ఉత్తరం రాలేదా?"

"లేదు తువాన్."

"నా సంతకం ఎవరూ పెట్టలేదా?"

"మీరు పెట్టాలి తువాన్."

కెప్టెన్ ముఖంలో బిగువు సడలింది. ఫైలు చేతిలోంచి జారబోతే పట్టుకున్నాడు. "దొంగ సంతకం అనుకుని వచ్చాను. క్షమించు." మెల్లగా మళ్ళీ అన్నాడు. "కానీ ముత్యాలూ, సంతకం ఎందుకు పెట్టలేదో కూడా చెప్పాలి. నాకు గుర్తు లేదు. హమీద్ జబ్బు గుర్తుంది. తర్వాత ఎవరో దళాన్ని నడిపించారని గుర్తుంది. నీ ముఖమూ గుర్తుంది. రెండూ కలవడం లేదు. వయసైపోయింది. గుర్తులేనిదానికి నేను ఎప్పుడూ సంతకం పెట్టలేదు, ఇప్పుడెలా పెట్టను?"

ముత్యాలుకు మనసు చివుక్కుమంది. పదవి రానందుకు కాదు. పింఛను పెరగనందుకూ కాదు. ఆ రెండేళ్ళ ఉదయాలు, ఆ మంచు, ఆ బురద, తను గంజి పోసిన కుర్రవాళ్ళు, అన్నీ ఈ ఒక్క మనిషి కళ్ళ ముందే జరిగాయి. ఆయనకే గుర్తు లేకపోతే జరిగినట్టా, జరగనట్టా? "పర్లేదు తువాన్," అన్నాడు.

ఇద్దరి ముఖాలూ చూసి యోగేశ్వరన్‌కు చెమటలు పట్టాయి. ఏదో ఒకటి జరిపించేయకపోతే జనానికి తెలిసిపోతుందనుకుని, పాత దళాన్ని గబగబా వరస కట్టించాడు. గౌరవ వందనం. తనే ముందు నిలబడి ఆజ్ఞ ఇవ్వబోయాడు. దగ్గొచ్చింది. దగ్గులోనే ఏదో అన్నాడు. సగం మంది కుడికి తిరిగారు, సగం మంది ఎడమకు. మోకాలి పట్టీ ఆయన వినికిడి యంత్రం ఆయన్ను గుద్దుకున్నాడు. ఆయన పందిరి గుంజను పట్టుకున్నాడు. గుంజ కదిలింది, పైన బ్యానర్ ఓ పక్క ఊడి, మూడు పట్టీల ముత్యాలు ఆడవాళ్ళ మీదికి ఒరిగాడు. పిల్లలు కేకలు, పెద్దలు కేకలు, శ్రీకుమార్ మైకులో కేకలు.

ముత్యాలు ఆలోచించలేదు. ఆలోచించే భాగం ఇంకా కెప్టెన్ మాటల దగ్గరే ఉంది. వరస చెదిరితే ఏం చేయాలో కాళ్ళకూ గొంతుకూ తెలుసు. రెండడుగులు ముందుకేసి, ఛాతీ నింపుకుని అరిచాడు.

"స్కువా...ఆ...ఆడ్! సెఏఏ...దియా...ఆ...ఆ!"

మలయ్ సైన్యంలో 'సెదియా' అంటే సావధాన్. తుపాకీ పేలినట్టు టక్కున పడాల్సిన మాట అది. కానీ ముత్యాలు గొంతు కవాతు మైదానంలో తయారైంది కాదు, ఈ రామమందిరం భజనలో తయారైంది. పల్లవి పైకి తీసినట్టు తీసి, సాగదీసి, చివర తాళం మీదికి దించి అప్పగిస్తాడు. కొత్త కుర్రవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మూడో రోజుకు నవ్వు మరిచి కాళ్ళు కలిపేవాళ్ళు.

చెదిరిన వరస తాడుతో లాగినట్టు సూటిగా నిలబడింది. గుంజ పట్టుకున్నాయన గుంజను వదిలేశాడు. గుడి బయట చెప్పుల దగ్గర కూర్చున్న ఒకరిద్దరు కూడా లేచి నిలబడ్డారు. అన్నిటికంటే ముందు కదిలినవి కెప్టెన్ రోస్లాన్ కాళ్ళు. అప్పుడే వచ్చి కూర్చుని పళ్ళెం మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్న పెద్దమనిషి స్ప్రింగులా లేచి, మడమలు కలిపి, చెయ్యి నుదుటికి తీసుకెళ్ళాడు. లడ్డూలు పందిరంతా దొర్లాయి.

ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

"గట్టు," అన్నాడు చివరికి. "ఆ ఏడాది వరద. నది గట్టు మీద. వానలో పక్క మనిషి కనపడడం లేదు. ఇసుక సంచులు ఎటు మొయ్యాలో తెలియక అందరూ చెదిరిపోయారు. అప్పుడు ఈ గొంతు. గుళ్ళో పిలిచినట్టు. నేను కూడా ఆ గొంతు వెనకాలే నడిచాను. అధికారిని నేను, నడిపించింది ఆ గొంతు!" ముత్యాలు వైపు తిరిగాడు. "ఆజ్ఞ ఇంత సాగదీయొద్దని నీకు చెప్పాను కదా? నువ్వేమన్నావో గుర్తుందా?"

"కురచగా అంటే వెనక వరసకి అందదు అన్నాను తువాన్."

కెప్టెన్ నవ్వాడు. దళం చరిత్రలో మొదటిసారి. యోగేశ్వరన్ తర్వాత అందరికీ చెప్పేవాడు, ఆ నవ్వు చూసి తనకు భయమేసిందని.

"కాగితం పెట్టుకోవడానికి ఏదైనా ఇవ్వండి," అన్నాడు కెప్టెన్. బల్ల మీద దండలూ పూలూ. ఎవరో భజన మృదంగం తెచ్చి నిలువుగా పెట్టారు. దాని మీద ఫైలు తెరిచి, అద్దాలు పెట్టుకుని, నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. కలం కదిలినప్పుడల్లా మృదంగం చిన్నగా మోగింది.

ఇదంతా చూసిన జనానికి అర్థమైంది ఒక్కటే. అందరి కళ్ళ ముందే, రాముడి సన్నిధిలో, పెద్దాయన సంతకం పెట్టి మరీ ముత్యాలును సార్జంటును చేశాడు. ముందు వరస ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. శాంతాదేవి అక్కడికక్కడే తన మొక్కులో చక్రపొంగలి కూడా కలిపింది. నరసమ్మ కిందపడిన లడ్డూలు ఏరుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "నే సెప్పలేదేటి?" అంది. ఏం చెప్పిందో ముత్యాలు అడగలేదు. ఒక్క సందేహం మాత్రం ఆ మనిషిలో చాలా రోజులు మిగిలింది. నమ్మకంతో ముందే తీర్చినందుకు దేవుడిచ్చాడా, లేక ఆవిడ పెట్టిన చిక్కులోంచి తన పేరు తను కాపాడుకోవడానికి ఇచ్చాడా? పటం ముందు అడిగి చూశాడు. రాముడు ఎప్పటిలాగే చిరునవ్వు నవ్వాడు.

కాగితం ఆఫీసుకు వెళ్ళింది. కొబ్బరి దింపు అయింది, మళ్ళీ దింపు వచ్చింది. ఒక ఉదయం పోస్టుమాన్ గేటు దగ్గర హారన్ కొట్టి ఉత్తరం ఇచ్చాడు. భారతి చదివింది. పదవి మంజూరు. పింఛను కూడా ఆ ప్రకారమే. ముత్యాలు ఉత్తరాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అరుగు మీద కూర్చున్నాడు. హమీద్ చేతిలోంచి తీసుకున్న ఈల చల్లదనం అరచేతికి తగిలినట్టయింది. తర్వాత చొక్కా మార్చుకుని, నరసమ్మను వెంటబెట్టుకుని, ముందు దేవుడికి చూపిద్దామని గుడికి నడిచాడు. దారిలో ఎదురైనవాళ్ళంతా ఎప్పటిలాగే "సార్జంటు మావా" అని పలకరించారు. ఆ రోజు మొదటిసారి ఆయన తడబడకుండా తలూపాడు.

గుడి మెట్ల మీద శ్రీకుమార్ కనిపించాడు.

"ఏటి మావయ్యా సేతిలో?"

"పదవి వచ్చినాది శ్రీకుమారూ. గవర్నమెంటు ఉత్తరం. ఇయ్యాలే వచ్చినాది."

శ్రీకుమార్ ముఖం వెలిగిపోయింది. "మళ్ళీనా! సార్జంటు అప్పుడే అయిపోయినారు కదా. అంటే ఇప్పుడు స్టాఫ్ సార్జంటు!" అని, ఆగకుండా మైకు వైపు పరుగెత్తాడు.

ముత్యాలు నోరు తెరిచాడు. నరసమ్మ చొక్కా పట్టుకుని లాగింది.

"ఊరుకో. నువ్వు దిద్దుతా ఉంటే ఆళ్ళు నిన్ను మేజరు సేసేస్తారు."

లెక్కకు చూస్తే ముత్యాలు కాగితం మీదా, జనం నోటా ఒకేసారి సార్జంటుగా ఉన్నది తన ఇంటి గేటు దగ్గర నుంచి గుడి మెట్ల దాకానే.